నేను చెరిపేసిన దెబ్బ

ఫొటోల పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఏమైనా రాయమని అడిగితే ముందు నావల్ల కాదన్నాను. కెమెరాలు మారిపోయాయి. నేను వాడిన పెన్సిళ్లు ఇప్పుడు వెతికినా దొరకవు. కానీ మీరు కంప్యూటర్ మీద చేసే పనీ, నేను కిటికీ పక్కన బల్ల వేసుకుని ముప్ఫై ఏళ్లు చేసిన పనీ ఒకటేనని ఈమధ్యే మా మనవరాలు చూపిస్తే తెలిసింది. మనుషుల మొహాల మీద వాళ్లకి ఇష్టం లేనివి తీసేయడం. అందుకని రాస్తున్నాను. సలహాలు మాత్రం ఆశించకండి. చివరికి వచ్చేసరికి నాకే అంతా అయోమయంగా ఉంటుంది. ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది.

కిటికీ పక్క బల్ల

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు గుడివాడ పక్క నుంచి హైదరాబాదు వచ్చాను. మా బావగారికి సెక్రటేరియట్‌లో ఉద్యోగం. ఆయన వెంట వచ్చి, అబిడ్స్‌లో ఒక సందులో, మేడ మీద ఉన్న స్టూడియోలో చేరాను. యజమాని నర్సింగరావుగారు, తాతల కాలం నుంచీ ఈ ఊరివాళ్లే. అందరూ సేటు అనేవారు. ఆయన తెలుగు నాకు ఆరు నెలల దాకా సగమే అర్థమయ్యేది. నా తెలుగు వింటే ఆయనకి నవ్వొచ్చేది. "మాధవ్, నువ్వు మాట్లాడుతుంటె పౌరాణిక నాటకం చూసినట్టుంటది" అనేవారు.

నా పని నెగటివ్‌ల మీద. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. నెగటివ్‌లో నలుపు తెలుపు తారుమారుగా ఉంటాయి. మొహం మీద ఉన్న నల్లమచ్చ నెగటివ్‌లో తేటగా, ఖాళీగా కనిపిస్తుంది. దాని మీద ఒక రకం వార్నిష్ పూసి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో ఆ ఖాళీ నింపితే, కాగితం మీదకి వచ్చేసరికి మచ్చ ఉండదు. మొటిమలు, కళ్ల కింద నలుపు, నుదుటి మీద ముడతలు, అన్నీ ఇలాగే పోతాయి. రోజుకి ఇరవై మొహాలు చేసేవాణ్ణి.

చేరిన రోజే సేటు రెండు సంగతులు చెప్పారు. ఒకటి, మనిషి మొహం మీద ఏముందో నోరు తెరిచి అడగకూడదు. అడిగితే వాళ్లకి కష్టంగా ఉంటుంది. చూడనట్టే ఉండి తీసేయాలి. రెండు, మన స్టూడియో మెట్లు దిగే మనిషి మొహం ముడుచుకుని దిగకూడదు. అందుకని మన మొహం ఎప్పుడూ ముడుచుకోకూడదు.

సేటుగారి విద్య

ఈ రెండో సంగతి మాటవరసకి చెప్పింది కాదు. ఒకసారి ఒక పెళ్లి ఫిల్మంతా వెలుతురు సోకి పాడైపోయింది. తప్పు మాదే. పెళ్లికూతురి తండ్రి మెట్లెక్కుతూనే కేకలు. నేను తెర వెనక్కి నక్కాను. సేటు ఎదురెళ్లి, కుర్చీ వేసి, ఆయన తిట్టినవన్నీ చివరిదాకా విన్నారు. మధ్యలో ఒక్క సాకు చెప్పలేదు. అన్నీ అయ్యాక, మళ్లీ పెళ్లిబట్టలు కట్టించి పిల్లల్ని తీసుకురమ్మని, తలంబ్రాల దగ్గర్నుంచి అన్నీ తీస్తానని చెప్పారు. మర్నాడు వాళ్లు వచ్చారు. స్టూడియోలో దండలు, అక్షింతలు, నవ్వులు. పెళ్లికొడుకు రెండోసారి తాళి కట్టబోతూ సిగ్గుపడితే ఆ తండ్రే పగలబడి నవ్వాడు. ఇదేం విద్యరా బాబూ అని నోరు వెళ్లబెట్టాను.

అదే విద్య నామీదా పనిచేసింది. ఒక ముసలావిడ ఫొటో నేను తీశాను, నేనే సరిచేశాను. జీవితంలో అంత బాగా మళ్లీ రాలేదు. ఓరోజు పొద్దున్న వచ్చేసరికి కింద వీధి వైపున్న అద్దాల బీరువాలో అది పెట్టి ఉంది, కింద మూలన సేటుగారి సంతకంతో. అరికాలి మంట నెత్తికెక్కింది. ఇవాళ అటో ఇటో తేల్చేద్దామని మెట్లెక్కాను. సేటు నన్ను చూసి, ఫొటో మంచిగా వచ్చింది కదా అని నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో భగవంతుడికెరుక. ఇంటికెళ్లి చెబితే మా ఆవిడ, నోట్లో నాలుక లేని మనిషిని చేసుకున్నానని రెండ్రోజులు మాట్లాడలేదు.

అయితే ఆ నెలలోనే సేటు నాకు ఫొటోలకి రంగులు వేయడం నేర్పారు. సొంత తమ్ముడికి కూడా నేర్పని పని అది. ఆవేళ మెట్ల మీద దెబ్బలాడి ఉంటే నేర్పేవారా? నేర్పేవారు కారనే అనుకుంటాను. నా కోపం న్యాయమైనదా? న్యాయమైనదే. మరి మింగేసి తప్పు చేశానా, ఒప్పు చేశానా? ఈ లెక్క నాకు ఎప్పుడూ తేలలేదు. అసలు సంగతి జరిగాక ఇంకా చిక్కుపడింది.

అనసూయగారు

అరవై నాలుగో, అరవై ఐదో, సరిగ్గా గుర్తులేదు. దసరా సెలవులకి ముందు. ఒకావిడ ఒక్కర్తే వచ్చింది. ముప్ఫై దాటి ఉంటాయి. నేత చీర, చేతిలో గొడుగు. ఎడమ చెంప మీద కంటి కింద నుంచి దవడ దాకా కమిలి ఉంది. అంగుళం వెడల్పున, తిన్నగా, బద్దతో గీసినట్టు.

చూడనట్టే ఉన్నాను. కుర్చీలో కూర్చోబెట్టి, దెబ్బ కనపడకుండా మొహం కొంచెం ఎడమకి తిప్పమన్నాను. తిప్పింది. నేను కెమెరా దగ్గరికి వెళ్లేసరికి మళ్లీ ఎదురుగా తిరిగింది. మళ్లీ వెళ్లి తిప్పాను. మళ్లీ తిరిగింది. "గిట్లనే తియ్యున్రి సార్" అంది. పాపం, పక్కకి తిరగడం తెలియడం లేదు, పోనీలే, బల్ల మీద సరిచేద్దాం అనుకున్నాను. ఎందుకు తీయించుకుంటోందో అడగలేదు. అడగకపోవడమే మర్యాద అని ఎనిమిదేళ్లుగా నేర్చుకున్నాను కదా.

ఆ నెగటివ్ మీద గంటన్నర కూర్చున్నాను. మామూలుగా పదిహేను నిమిషాల పని. అంత పెద్ద కమిలిన మచ్చ తీసేసి, చర్మం చర్మంలాగే కనపడేట్టు చేయడం తేలిక కాదు. కనుబొమల మధ్య రెండు నిలువు గీతలుంటే అవీ తీసేశాను. ప్రింటు చూసి సేటు నా భుజం తట్టారు. అట్టలో పెట్టి, పల్చటి కాగితం కప్పి, కవరు అంటించి ఇచ్చాం. ఆవిడ కవరు విప్పకుండానే తీసుకెళ్లిపోయింది.

మూడు వారాలకి వచ్చింది. చెంప మామూలుగా ఉంది. ఫొటో బల్ల మీద పెట్టి, గట్టిగా కాదు, మెల్లిగానే అడిగింది.

"సార్, నా దెబ్బ యాడ వోయింది?"

"తీసేశానమ్మా, బాగుంటుందని."

"ఎవరికి?"

నేను కుర్చీ జరిపాను. అప్పుడు ఆవిడే కూర్చుని చెప్పింది. పేరు అనసూయ. నాంపల్లిలో ఒక ఆడపిల్లల బడిలో కుట్టుపని టీచరు. తల్లీ తనూ ఆ జీతం మీదే బతుకుతున్నారు. బడి సెక్రటరీ తన ఇంటి పెళ్లికి తెరలు, దుప్పట్లు, జాకెట్లు అన్నీ క్లాసు పిల్లల చేత కుట్టిస్తుంటే, వాళ్ల పాఠం ఎప్పుడు చెప్పమంటారని అడిగిందట. బల్ల మీదున్న గజంబద్ద తీసి మొహం మీద కొట్టాడట. ఆమే బల్ల మూల మీద పడిందని అతను చెబుతున్నాడు. చూసింది పన్నెండేళ్ల పిల్లలు. వాళ్లని సాక్ష్యానికి లాగనని ఆవిడ పట్టు. దవాఖానలో ఇచ్చిన చీటీలో గాయం అని ఉంది కానీ దేనితో అని లేదు. దెబ్బ తిన్నగా, బద్ద ఆకారంలో ఉంది కనక ఫొటో తీయించి పెట్టుకుంటే చాలని ఎవరో చెప్పారు. బడి కమిటీ సెలవుల తరవాత గానీ కూర్చోలేదు. అప్పటికి చెంప మానిపోయింది. ఆ మొహం మళ్లీ చూసుకోబుద్ధి కాక కవరు విప్పకుండా పెట్టెలో దాచి, అలాగే తీసుకెళ్లి కమిటీ పెద్ద చేతిలో పెట్టింది.

కమిటీలో ఒకాయన ఫొటో చూసి, పెళ్లిచూపులకి కూర్చున్నట్టుందన్నాడట. అందరూ నవ్వారట. దెబ్బ రుజువైతే సెక్రటరీ నలుగురిలో క్షమాపణ చెప్పి తప్పుకోవాలి. రుజువు కాకపోతే అబద్ధపు నింద వేసినందుకు ఆవిడ ఉద్యోగం పోతుంది. నాలుగు రోజులు గడువిచ్చారు.

చాయ, సోడా, రంగుల పటం

మా సేటు తన విద్య మొదలుపెట్టారు. ఫ్యాను తిప్పించారు. చాయ తెప్పించారు, సోడా తెప్పించారు. "అమ్మా, గుస్సా జేస్తె మన పానానికే నష్టం. జర ఠండగ ఉండున్రి" అన్నారు. తరవాత, ఇదే ఫొటోని ఇంత పెద్దదిగా చేసి, రంగులు వేయించి, ఫ్రేము కట్టించి ఉచితంగా ఇస్తామన్నారు. నేను పక్క నుంచి, చాలా బాగుంటుందమ్మా అన్నాను. అన్నాను. ఆ మాట ఈ నోటితోనే అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

"చాయ తాగితె పొయ్యే కోపం గాదు సార్ ఇది" అందావిడ. "దీన్ని జర ఉండనియ్యున్రి. ఇది గూడ పోతె నాకాడ ఇంకేం మిగల్లేదు."

సేటు లోపలికెళ్లిపోయారు. నేను పాత నెగటివ్ వెతికి తెచ్చాను. దూదికి టర్పెంటైన్ అద్ది ఆవిడ ముందే తుడిచాను. పెన్సిలంతా వచ్చేసింది. కిటికీకి ఎత్తి చూపిస్తే చెంప మీద తెల్లటి పట్టీ, తిన్నగా. ఆవిడ చాలాసేపు చూసింది. పోయిన వస్తువు దొరికినవాళ్లు చూసినట్టే చూసింది. ఆ సాయంత్రమే కొత్త ప్రింటు తీశాను. కమిటీ దగ్గరికి వచ్చి జరిగింది చెప్తానని మాటిచ్చాను.

సేటుకి ఇష్టం లేదు. మొహాలు మారుస్తామని బయటపడితే స్టూడియో పేరు పోతుందన్నారు. చెడ్డవాడు కాదాయన. ఆవిడ ఇంటికి తనే వెళ్లి మాట్లాడి వస్తానన్నారు. మొదటిసారి ఆయన మాట వినలేదు. వెళ్లాను.

కమిటీ ముందు

బడిలో పెద్ద గది. అయిదుగురు కూర్చున్నారు. గోడవారగా సెక్రటరీ, ఇటు అనసూయగారు. మధ్యలో కమిటీ పెద్ద, తెల్లటి పంచె, నెమ్మదైన మనిషి. రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని, నన్ను కూర్చోమన్నారు. మంచినీళ్లు ఇప్పించారు.

నేను చెప్పాల్సింది చెప్పాను. ఇది తీసినది, ఇది నేను సరిచేసినది, దెబ్బ నిజంగా ఉంది, నా కళ్లతో చూశాను. బాగానే చెప్పాను. అనసూయగారు తల ఎత్తి కూర్చుంది.

ఆయన నా మాట విని, "మీది మా వైపేనండీ. ఏ ఊరు?" అని అడిగారు. గుడివాడ దగ్గరండి అన్నాను. ఆయనదీ అక్కడికి ఆరు మైళ్లే. ఈ ఊళ్లో నా యాసకి నవ్వనివాళ్లు కనపడి ఎంతకాలమైందో. నా మొహం విప్పారిపోయింది. ఆయన నేను సరిచేసిన ఫొటో ఎత్తి వెలుతురులో పెట్టి చూశారు.

"ఎక్కడా ఆనవాలు లేదే. ఏం చెయ్యండీ మీది! మరి ఉన్నది తీసేసినట్టే, లేని దెబ్బ పెట్టడం కూడా వచ్చునా మీకు?"

"వచ్చునండి" అన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. ఎలాగో కూడా చెప్పాను. సన్నటి కత్తితో నెగటివ్ పైపొర గీకితే అక్కడ కాగితం మీద నల్లగా వస్తుందనీ, అందరి వల్లా కాదనీ, చెయ్యి వణక్కూడదనీ. నవ్వుతూ చెప్పాను. ఇన్నేళ్లలో నా పని గురించి అంత శ్రద్ధగా అడిగినవాళ్లు లేరు. మాట పూర్తయ్యేదాకా విన్నారు. ఆయన రెండు ఫొటోలూ ఒకదాని మీద ఒకటి పెట్టి, సంతోషం, మీరు వెళ్లొచ్చన్నారు.

"వచ్చు, కానీ దీంట్లో పెట్టలేదు" అని అనాలి. ఆ మాట నాకు తలుపు దాటాక తట్టింది. వెనక్కి వెళ్లబోతే జవాను ఆపాడు. వరండాలో నిలబడ్డాను. లోపలి మాటలు వినపడుతూనే ఉన్నాయి. కమిటీ పెద్ద గొంతు పెంచలేదు. అటు వారిదీ ఇటు వారిదీ ఏదీ తేలలేదు కనక, కోపాలు మనసులో పెట్టుకోకుండా అందరూ నవ్వుతూ పనిచేసుకోవాలన్నారు. అనసూయగారు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు రెండు ముక్కలు రాసిస్తే ఉద్యోగం ఉంటుందన్నారు. కాగితం, కలం ఇచ్చినట్టున్నారు. ఆవిడ రాయనంది. ఒక్కసారే అంది.

తేలని లెక్క

ఆ తరవాత నేను మారానా అంటే, మారాను. వచ్చిన ప్రతివాళ్లనీ అడగడం మొదలుపెట్టాను. ఈ మచ్చ ఉంచమంటారా, తీయమంటారా అని. సేటు తల పట్టుకున్నారు. కొందరు సంతోషించారు. ఒకాయన మొహమంతా అమ్మవారు పోసిన మచ్చలు. నేను అడగ్గానే లేచి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. ఆయనకి నేను చేసింది కూడా దెబ్బే కదా. మరేం చేయాలి?

ఇంకొకటి. కమిటీ ముందు నేను చెప్పింది అబద్ధం కాదు. అడిగారు, నిజం చెప్పాను. కోపంగా ఉన్నవాడైతే అదే నిజాన్ని ఇంకోలా చెప్పేవాడు. అసలు ఆ ప్రశ్న ఎందుకు అడుగుతున్నారో ముందే పసిగట్టేవాడు. నేను పసిగట్టలేదు. మొహం ప్రసన్నంగా పెట్టుకుని పెట్టుకుని, ఎదుటివాడు ప్రసన్నంగా ఉంటే మంచే జరుగుతోందని నమ్మే అలవాటు పడిపోయింది. కోపాన్ని నమ్మమని మీకు చెప్పనా? కోపిష్టి ఫొటోగ్రాఫర్ల దుకాణాలు మూతపడటం ఈ అబిడ్స్‌లో నా కళ్లతో చూశాను. నవ్వుతూ ఉండమని చెప్పనా? ఎలా చెప్పను? మా సేటు నవ్వుతూనే బతికారు, నవ్వుతూనే పోయారు. ఆయన మంచివాడని ఇప్పటికీ అంటాను. నా ఫొటో మీద సంతకం ఆయనదని కూడా అంటాను. రెండూ కలిపి ఏమనాలో తెలియదు.

ఆవేళ్టి సంగతి మిగిలింది కూడా చెప్పేస్తాను. ఇది మా ఆవిడకి కూడా చెప్పలేదు.

బడి గేటు బయట నిలబడి ఉన్నాను. నాంపల్లి స్టేషను వైపు జనం, రిక్షాలు. అనసూయగారు వచ్చింది. చేతిలో గొడుగు, సంచిలో తన కత్తెర, టేపు. క్లాసులోంచి తన వస్తువులు తెచ్చేసుకుందని అర్థమైంది. ఏడవలేదు. నన్ను తిట్టనూ లేదు. తిడితే బాగుండునని నిలబడ్డాను.

దగ్గరికి వెళ్లి, "తప్పయిపోయిందమ్మా. నన్ను క్షమించండి" అన్నాను.

ఆవిడ ఆగి నా మొహంలోకి చూసింది.

"సార్, గా మాట జర నవ్వకుండ చెప్పున్రి."

నేను నవ్వుతున్నానని నాకు తెలియదు. చెయ్యి పెట్టి చూసుకున్నాను. నిజమే, బుగ్గలు పైకే ఉన్నాయి. పెదాలు బిగించాను. తల దించి, మళ్లీ ఎత్తి, చెప్పబోయాను. ఆవిడ మొహం చూసి నాకు అర్థమైంది, మళ్లీ అదే వచ్చిందని. ఇంకోసారి ప్రయత్నించాను. లోపల ఏడుపు తన్నుకొస్తోంది, పైన మొహం మాత్రం మాట వినలేదు. ఆవిడ తొందరపెట్టలేదు. నాకు చేతనైతే విందామనే, గొడుగు ఆనించుకుని అక్కడే నిలబడింది. ఒక రిక్షా వచ్చి వెళ్లింది, ఇంకొకటి వచ్చింది. ఇక నావల్ల కాదని తెలిశాక ఎక్కి వెళ్లిపోయింది.